మూడు కొట్టాక ఆగదు

నేను ఒక గంటను. నన్ను చూసినవాళ్ళు నాకు నాలుక ఉందనే అనుకుంటారు. ఉన్నమాట నిజమే, అది నాది కాదు. మ్యూజియంకి వచ్చే పిల్లలు మోగించకుండా దానికి తోలు పట్టీ చుట్టి, పట్టీకి తాళం వేశారు. నా అసలు నాలుక మిస్సిసిపి నది అడుగున ఎక్కడో ఉంది. అది అక్కడికెలా చేరిందో, అది లేకుండానే ఒక పొద్దున నేను ఒక పేటని ఎలా పరుగెత్తించానో చెప్పాలి. త్వరగా చెప్పాలి. ఒకచోట ఊరికే వేలాడటం నాకు మొదటినుంచీ చేతకాదు.

సిన్సినాటిలో, ఒహాయో నది ఒడ్డున, ఒక పోత కొలిమిలో పుట్టాను. నదుల మీద స్టీమర్లు రాజ్యమేలుతున్న కాలం. రాగి, తగరం కరిగి కుతకుతలాడుతుంటే కెప్టెన్ అబ్నర్ టాలివర్ టోపీ తీసి, దగ్గరికొచ్చి, గుప్పెడు వెండి డాలర్లు విసిరాడు. వెండి కలిస్తే గంట గొంతు తియ్యగా వస్తుందని నది మీద ప్రతి కెప్టెనూ నమ్మేవాడు. అది తెలిసిన పోతవాడు కొలిమి పక్కన ముందే ఒక కన్నం పెట్టి, "ఇందులో వెయ్యండి దొరా" అని చూపించాడు. నాణేలు కన్నంలోంచి జారి నేరుగా బూడిదలో పడ్డాయి. నా గొంతు తియ్యగానే వచ్చింది. కెప్టెన్ వెండిని మెచ్చుకున్నాడు. సాయంత్రం బూడిద ఎత్తుకున్నాక పోతవాడు కూడా మెచ్చుకున్నాడు.

కెప్టెన్ భార్య పేరు లూసిండా. పడవకి ఆమె పేరే పెట్టారు. 'లూసిండా టాలివర్' పైకప్పు మీద, జంట పొగగొట్టాల ముందు నన్ను బిగించారు. ఒహాయో మమ్మల్ని మోసుకొచ్చి మిస్సిసిపిలో వదిలింది. ఆ నదిని చూడగానే నాకు నచ్చింది. అది కూడా నాలాగే ఒకచోట ఉండేది కాదు. నిన్న ఇసుకమేట ఉన్నచోట ఇవాళ లోతు, నిన్న పొలం ఉన్నచోట ఇవాళ సుడి. ఒక్కోసారి మలుపు మొత్తాన్ని అడ్డంగా కోసేసి కొత్త దారి పట్టేది. తెల్లారి లేచిన రైతు తన ఇల్లు వేరే రాష్ట్రంలో ఉందని తెలుసుకునేవాడు. పోయిన నెల దారి తెలిసిన పడవ పైలట్ ఈ నెల కొత్తగా నేర్చుకోవాల్సిందే.

ఆ నది మనుషులకి నమ్మకాలు ఎక్కువ. తెల్ల గుర్రమూ పాదిరీ ఒకే పడవ ఎక్కితే అది మునిగిపోతుందనేవారు. పాదిరీ కనబడగానే కెప్టెన్ గుర్రాల్ని లెక్కపెట్టుకునేవాడు. కానీ నమ్మకం కన్నా గట్టిది గంట భాష. పొగమంచులో ఆగిన పడవ, మరో పడవ వచ్చి గుద్దకుండా, గంటని ఎడతెరిపి లేకుండా మోగించాలి. రేవు వదిలేముందు మాత్రం మూడంటే మూడు దెబ్బలు, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఎడం. దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళు ఎక్కండి, ఇక ఎవరికోసమూ ఆగేది లేదు. మూడోది పడగానే పడవకీ ఒడ్డుకీ మధ్య వేసిన పలక లాగేసేవారు. సగం గడ్డం గీయించుకున్నవాళ్ళు సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చేవారు. పేకముక్కలు చేతిలో పట్టుకునే జూదగాళ్ళు దూకేవారు. నా గొంతు విని, పడవ కంటబడకముందే, "లూసిండా వచ్చింది" అనేవారు ఒడ్డున. నది పొడవునా ప్రతి గంటకీ ఒక గొంతు, ప్రతి చెవికీ ఆ గొంతుల జ్ఞాపకం.

పైన ఊగే దీపాలు, పియానో, పట్టుగౌన్లు. కింది డెక్కు మీద పత్తి మూటలు, పందులు, చెరుకు పాకం పీపాలు, మనుషులు. ఆ మనుషులు కూడా సరుకే. ఎగువ రాష్ట్రాల్లో బానిసల యజమానికి కోపమొస్తే, "దిగువకి అమ్మేస్తాను జాగ్రత్త" అని బెదిరించేవాడు. దిగువంటే డెల్టా, పత్తి పొలాలు, తిరిగి రాని దారి. ఆ దారికి మోత నేను.

ఒక మధ్యాహ్నం మిస్సోరీ ఒడ్డున ఒక రేవులో ఆగాం. బాయిలరుకి కట్టెలు ఎక్కించుకుంటుంటే ఒక వ్యాపారి కొంతమందిని గొలుసుతో తీసుకొచ్చాడు. గొలుసు పట్టనంత చిన్నది ఒక ఆడపిల్ల. పేరు కెజయా. ఒడ్డున దాని తల్లిని ఇద్దరు పట్టుకుని ఉన్నారు. కెప్టెన్ టాలివర్ పైకొచ్చి గడియారం చూసుకుని నా తాడు లాగాడు. అతనికి ఆ పిల్ల మీద కోపమేం లేదు, చీకటి పడేలోగా తర్వాతి రేవు చేరాలి, అంతే. మూడు దెబ్బలు పడ్డాయి. పలక లాగేశారు. చక్రాలు నీళ్ళు చిమ్మాయి. తల్లి విడిపించుకుని ఒడ్డు వెంబడి పరుగెత్తుతోంది.

కింద కట్టెలు మోస్తున్న ముసలివాడి చొక్కా పట్టుకుంది పిల్ల.

"తాతా, గంట ఇంకోసారి కొట్టమను. అప్పుడు ఆగుద్ది కదా?"

ముసలివాడు కట్టె దించకుండానే అన్నాడు: "మూడు కొట్టాక ఆగదమ్మా."

మలుపు తిరిగాం. ఒడ్డు మీద పరుగెత్తే మనిషి చెట్ల వెనక్కి పోయింది. డెల్టాలో ఒక పత్తి తోట రేవులో పిల్లని దించారు. అక్కడా మూడు కొట్టి కదిలాం.

తర్వాత ఉత్తర రాష్ట్రాలకీ దక్షిణ రాష్ట్రాలకీ యుద్ధం వచ్చింది, పోయింది. బానిసత్వం కాగితం మీద రద్దయింది. ఆ మరుసటి ఏడే, పిల్లని దించిన రేవుకి కాస్త దిగువన, 'లూసిండా' మునిగింది. ఆ రోజు పడవ మీద పాదిరీ లేడు, తెల్ల గుర్రమూ లేదు. నీళ్ళ కింద ఒక చెట్టు మాత్రం ఉంది. వరదకి కొట్టుకొచ్చి, వేళ్ళతో బురదలో పాతుకుని, మొనదేరిన కొమ్మని ఎగువకి చాపి కూర్చుంది. పడవ పొట్ట దాని మీద చీలింది. మనుషులు చాలామంది ఈదుకుపోయారు. పైకప్పు విరిగి, నేను తలకిందులుగా బురదలోకి దిగాను. కెప్టెన్ ఒడ్డున నిలబడి లూసిండా పేరు పెట్టి ఏడ్చాడట. భార్య కోసమా పడవ కోసమా అన్నది అక్కడున్నవాళ్ళకి తేలలేదు. ఆ మలుపుకి టాలివర్ మలుపు అని పేరు పడింది.

బురదలో నా నోరు నిండిపోయింది. కదలిక లేదు. ఆ కాలం గురించి నన్ను అడక్కండి. నా బదులు నది కదిలింది. ఒక వరదకి పక్కకి జరిగింది, ఇంకో వరదకి ఇంకాస్త జరిగింది. చివరికి పడవలు నడిచిన చోట పత్తి మొలిచింది. నా మీద నాగళ్ళు తిరిగాయి. నా పైన ఉన్నది నీళ్ళు కాదని, మన్ను అని నాకు అప్పుడే తెలిసింది.

ఒక వేసవిలో అక్కడి కౌలు రైతులు బావి తవ్వుతుంటే గడ్డపార వచ్చి నా భుజానికి తగిలింది. మన్ను పట్టిన గొంతుతోనే మూలిగాను. తవ్వేవాడు గడ్డపార వదిలేసి పైకి పాకాడు. "కింద ఎవరో ఉన్నారు!"

వాళ్ళంతా నల్లవాళ్ళు, ఒకప్పటి బానిసల బిడ్డలు. వాళ్ళ పేట నది కట్ట కింద, పల్లంలో. చెక్కలతో కట్టుకున్న చిన్న చర్చి, పేరు న్యూ గలిలీ. చర్చి కప్పు నా బరువు మొయ్యదని పక్కనే నాలుగు దుంగలు పాతి, నేలకి మనిషెత్తున వేలాడదీశారు. కడిగారు, తోమారు. రెవరెండ్ పిక్స్‌లీ అనే లావుపాటి పాదిరీ, పేటంతా చూస్తుండగా, తాడు పట్టుకుని మొదటి దెబ్బ కొట్టాడు. సరదా పుట్టి రెండోది కొట్టాడు, మూడోది కూడా కొట్టాడు.

గుంపు వెనకనుంచి ఒక అరుపు. బట్టల మూట నెత్తిన పెట్టుకుని వెళ్తున్న చాకలావిడ మూట వదిలేసి నేల మీద కూలబడింది. జుట్టు నెరిసింది, చేతులు సబ్బుకి పగిలి ఉన్నాయి. పేటలో అందరూ కెజయా మామ్మ అనేవారు ఆమెని.

"ఆ గొంతు నాకు తెలుసు," అంది. "అది లూసిండా గంట."

రెవరెండ్ మెల్లగా దగ్గరికెళ్ళాడు. "సిస్టర్ కెజయా, ఇది దేవుడు పంపిన గంట."

"దేవుడు కాదు రెవరెండ్, కెప్టెన్ టాలివర్ పంపాడు. నన్నూ దాంతోపాటే పంపాడు."

"అయితే కరిగించి అమ్మేద్దామా?"

"కరిగిస్తే నా మాటకి సాక్ష్యమేది? ఉంచుకోండి. పెళ్ళికీ ప్రార్థనకీ తాడు పట్టుకుని ఊపండి, గలగలమని మోగించుకోండి. కానీ మూడు కొట్టకండి. నేను బతికుండగా మూడు వినబడకూడదు."

ఆ మాట పేటకి కట్టుబాటైంది. ఆదివారాలు నన్ను ఊపేవారు, మూడు మాత్రం ఎవరూ కొట్టలేదు. కొట్టకపోవడం వల్లే మూడు దెబ్బలు పేటలో పాతుకుపోయాయి. మాట వినని పిల్లల్ని తల్లులు, "మామ్మతో చెప్పి మూడు కొట్టిస్తా" అని బెదిరించేవారు. ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే, "ఆయనకి రెండు పడ్డాయి, మూడోది పడాలి" అనుకునేవారు. కెజయా కథ, గంట కథ, ముసలివాడు చెప్పిన జవాబు, అన్నీ ప్రతి పిల్లకీ నోటికొచ్చు. ఆమె మాత్రం నా దగ్గరికి రాలేదు. చర్చికి వచ్చినా చుట్టూ తిరిగి వెనక తలుపునుంచి వచ్చేది. మనుషులు తాము మర్చిపోవాలనుకున్నదాన్నే అందరికన్నా బాగా కాపాడతారని నాకు అక్కడే అర్థమైంది.

అలా కెజయా ముసలిదైంది. ఆమె మనవరాలు వెల్మాకి హోసియా అనే కుర్రాడితో పెళ్ళైంది, చంకలో బిడ్డ. అప్పుడు 1927 వసంతం వచ్చింది.

ముందటేడు చివర్లో మొదలైన వాన ఆగలేదు. ఎగువన ఎన్ని రాష్ట్రాల్లో కురిసిందో అంతా మా మలుపు దగ్గరికే వచ్చినట్టుంది. నది కట్ట అంచు దాకా లేచింది. పేటలోంచి తలెత్తి చూస్తే ఇళ్ళ కప్పులకన్నా ఎత్తులో దుంగలు, గడ్డివాములు తేలిపోతుండేవి. పేటలోని మగవాళ్ళందర్నీ ఇసుక బస్తాలు మోయడానికి కట్ట మీదికి తోలారు. రమ్మని అడగలేదు. తుపాకులు పట్టుకున్న తెల్లవాళ్ళు కాపలా. వాళ్ళ పెద్ద గార్నర్. అతని తండ్రి ఒకప్పుడు స్టీమరు పైలట్. గార్నర్‌ని కూడా అందరూ కెప్టెన్ అనే పిలవాలి, అతనికి ఏ స్టీమరూ లేకపోయినా. కట్ట దిగిన నల్లవాణ్ణి కాల్చెయ్యమని అతని ఆజ్ఞ. మనుషులు దిగిపోతే కట్ట నిలవదు, కట్ట నిలవకపోతే తెల్లవాళ్ళ ఊరు పోతుంది. పేట పోతుందన్న సంగతి ఆ లెక్కలో లేదు.

పేటకి ఉన్న దిక్కు ఒక్కటే, పత్తి పొలాల అవతల ఎత్తయిన మట్టి దిబ్బ. మనకన్నా ముందు, ఈ నదికి వేరే పేరున్న రోజుల్లో, ఇక్కడి ఆదివాసులు బుట్టలతో మన్ను మోసి కట్టారు. నది సంగతి తెలిసినవాళ్ళు గనుక ఎత్తుగానే కట్టారు. గంట మోగితే అందరూ దిబ్బకి పరుగెత్తాలని రెవరెండ్ ముందే చెప్పాడు.

ఇక్కడే మనుషులు మనుషుల పని చేశారు. కట్ట తెగిందన్న పుకారుకి నన్ను ఒకసారి ఊపారు. అందరూ బురదలో పడుతూ లేస్తూ దిబ్బ ఎక్కారు. ఏమీ కాలేదు. నాలుగు రోజులకి మళ్ళీ ఊపారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ ఏమీ కాలేదు. తిరిగొచ్చేసరికి కోళ్ళు లేవు. ఆ రెండోసారి గంట విని కట్ట మీది మగవాళ్ళు కూడా పెళ్ళాం బిడ్డల కోసం దిగబోయారు. గార్నర్ గాల్లోకి కాల్చి ఆపాడు. ఆ మధ్యాహ్నమే పెద్ద పానా పట్టుకుని చర్చికి వచ్చాడు.

"ఈ గంట వల్ల నా పని చెడుతోంది, రెవరెండ్," అంటూ నా కింద దూరి మరలు విప్పి నాలుక ఊడదీశాడు.

"కెప్టెన్, అది దేవుడి గంట," అన్నాడు రెవరెండ్.

"దేవుడే ఉంచుకోమను. నాలుక నాది." నవ్వి, చుట్టూ చేరిన ఆడవాళ్ళని చూశాడు. "నాలుక పీకేస్తే గంట నోరు మూసుకుంటుంది. మీ ఆడవాళ్ళకి కూడా ఇలా మరలు పెట్టుంటే మీ మగాళ్ళు సుఖపడేవాళ్ళు."

దూరంగా గోడవారన నిలబడ్డ కెజయా నోరు విప్పింది. "మీ నాన్న పడవ గంట నాలుక ఎవరైనా పీకుంటే ఆయన ఏం చేసేవాడు కెప్టెన్?"

గార్నర్ నవ్వు కాస్త తగ్గింది. "పీకినవాణ్ణి నీళ్ళలో పారేసేవాడు."

"ఆ ముక్క ఆయన కొడుక్కి కూడా తెలుసా అని అడిగాను, అంతే."

అతను గిరుక్కున తిరిగాడు. కట్టెక్కి, నా నాలుకని రెండు చేతులా గిరగిర తిప్పి నదిలోకి విసిరాడు. దభీమని శబ్దం. అంతే. గంటకి నాలుక లేకపోతే ఏమవుతుందో నన్నడగండి. ఊపితే ఊగుతాం. లోపల ఏమీ ఉండదు.

మర్నాడు పొద్దున వెల్మా బిడ్డని మామ్మ దగ్గర వదిలి, మగవాళ్ళకి కాఫీ పట్టుకుని కట్ట మీదికి వెళ్ళింది. హోసియా గిన్నె అందుకుంటూ, గార్నర్ అటు తిరగ్గానే, గొంతు తగ్గించాడు.

"కట్ట వెనక మడుగు చూశావా? అడుగునుంచి నీళ్ళు ఉడుకుతున్నట్టు ఎగదన్నుతున్నాయి. రాత్రి తేటగా వచ్చాయి. ఇప్పుడు మన్ను రంగు. కట్ట లోపల కరిగిపోతోంది, వెల్మా. పిల్లల్ని దిబ్బ ఎక్కించు."

"మరి నువ్వు?"

"నాకు తుపాకీ ఉంది కదా, వీపు వెనక," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "వెళ్ళు. గంట కొట్టించు."

"గంటకి నాలుక లేదు, హోసియా!"

కాఫీ ఒలికిపోయింది. ఆమె పరుగెత్తింది. దారి పొడవునా అరిచింది. రెవరెండ్ పిక్స్‌లీ కూడా ప్యాంటు పైకి పట్టుకుని ఇంటింటికీ పరుగెత్తి అరిచాడు. పేటలో పొయ్యిల మీద రొట్టెలు కాలుతున్నాయి.

"మళ్ళీనా రెవరెండ్?" అంది ఒకావిడ గుమ్మంలోంచి. "పోయినసారి దిబ్బెక్కితే నా కోళ్ళు పోయాయి. ఈసారి నన్నే వండుకుంటారు."

"ఈసారి నిజం సిస్టర్!"

"పోయినసారీ అదే అన్నావ్."

రెవరెండ్ లావాటి శరీరం చెమటతో తడిసింది. ఎవరూ కదలలేదు. వెల్మా నా కింద నిలబడి, నా ఖాళీ నోట్లోకి చూసి, తాడు పట్టుకుని ఊపింది. నేను ఊగాను, అటూ ఇటూ, గట్టిగా. చప్పుడు లేదు. నా బతుకులో అంత వేగంగా కదిలి అంత మౌనంగా ఉన్నది ఆ ఒక్కసారే.

అప్పుడు వచ్చింది కెజయా. వెనక దారినుంచి కాదు, ముందునుంచి. బిడ్డని వెల్మా చేతుల్లో పెట్టింది. రెండో చేతిలో కట్టెలు కొట్టే గొడ్డలి ఉంది.

"జరుగు," అంది.

"మామ్మా, నువ్వు..."

"ఊపితే మోగడానికి నాలుక కావాలి. కొడితే మోగడానికి ఏం కావాలే? ఆ గార్నర్ తండ్రి పైలట్, వీడు మాత్రం పప్పుసుద్ద."

గొడ్డలిని తిరగేసి పట్టుకుంది. నా ముందు ఒక్క క్షణం ఆగింది. మిస్సోరీ ఒడ్డున చూసిన కళ్ళే. వెనక్కి ఊగి, ముసలి నడుములో ఉన్న బలమంతా పెట్టి, గొడ్డలి వెనక భాగంతో నా నడుం మీద కొట్టింది.

ఒకటి.

నేను అలా ఎప్పుడూ మోగలేదు. లోపలినుంచి కాదు, బయటినుంచి వచ్చిన దెబ్బ. కట్ట దాకా, పొలాల దాకా వెళ్ళింది. గుమ్మంలో కోళ్ళ గురించి మాట్లాడుతున్నావిడ మాట మధ్యలో ఆగింది.

ఊపిరి తీసుకునేంత ఎడం.

రెండు.

పొయ్యిల దగ్గరనుంచి జనం లేచి నిలబడ్డారు. అది ఆదివారపు గలగల కాదని ప్రతి చెవికీ తెలిసింది. ఎన్నడూ కొట్టకూడనిది ఎవరో కొడుతున్నారు.

మూడు.

ఇంక ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. కాలే రొట్టె కాలుతుండగానే, కట్టిన ఆవు కట్టి ఉండగానే, చంటిబిడ్డలూ ముసలివాళ్ళూ, ఒక చెప్పు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, పేట పేటంతా పొలాలకి అడ్డంపడి దిబ్బవైపు పరుగు తీసింది. ఒకడు వెనక్కి తిరిగి, "మామ్మా, ఒక్క నిమిషం, మా అమ్మ ఫోటో ఉంది ఇంట్లో!" అన్నాడు.

"మూడు కొట్టాక ఆగదు!" అని అరిచింది కెజయా, మళ్ళీ గొడ్డలి ఎత్తుతూ.

కట్ట మీద ఏం జరిగిందో నాకు నీళ్ళు తీశాక తెలిసింది, హోసియా చెప్పగా పేట ఉన్నచోట తిరుగుతూ అందరూ వందసార్లు చెప్పుకున్నారు. మొదటి దెబ్బకి గార్నర్ తల తిప్పాడట. అతను నాలుక లేని గంటని వింటున్నాడు. రెండో దెబ్బకి మొహం పాలిపోయింది. మూడో దెబ్బకి, పడవల మీద పెరిగిన ఆ మనిషి కాళ్ళు అతన్ని అడక్కుండానే కదిలాయి. తుపాకీ బస్తాల మీద వదిలేసి, ఒడ్డున కట్టేసిన తన చిన్న తెడ్ల పడవవైపు పరుగెత్తాడు. చిన్నప్పుడు తండ్రి నేర్పింది అదొక్కటే కాబోలు. పెద్దే పరుగెత్తితే మిగతా కాపలావాళ్ళు ఎవరి కోసం ఆగుతారు? మగవాళ్ళు బస్తాలు వదిలేసి కట్ట దిగారు. ఎవరూ కాల్చలేదు.

హోసియా దిబ్బవైపు కాదు, చర్చివైపు వచ్చాడు. కెజయా ఇంకా కొడుతూనే ఉంది. మూడు, ఎడం, మూడు, ఎడం. వెల్మా బిడ్డని ఎత్తుకుని, ఏడుస్తూ, ఆమె గౌను అంచు లాగుతోంది.

"రా మామ్మా! అందరూ వెళ్ళిపోయారు!"

"కట్ట మీదివాళ్ళు?"

"నేనొచ్చాగా," అన్నాడు హోసియా రొప్పుతూ. "అందరం దిగాం. గొడ్డలి ఇటివ్వు."

"ఇంకొక్కటి. ఇది నాది."

ఆ దెబ్బకి నేను పగిలాను. అంచునుంచి నడుం దాకా. నా గొంతులో ఉన్న తీపి ఆ చీలికలోంచి పోయింది. దాని వెనకే మరో చప్పుడు వచ్చింది, వంద పడవల బాయిలర్లు ఒక్కసారి పేలినట్టు. కట్ట తెగింది. హోసియా ముసలామెని బస్తాలాగే భుజాన వేసుకున్నాడు. ఇన్నాళ్ళు బస్తాలు మోసిన సాధన మరి. ముగ్గురూ, బిడ్డా, పొలంలోంచి పరుగెత్తడం చూశాను. తర్వాత గోధుమ రంగు గోడ ఒకటి వచ్చి చర్చిని అగ్గిపెట్టెలా ఎత్తుకుపోయింది. నా దుంగలు విరిగాయి. నేను మళ్ళీ బురదలోకి దిగాను. నది నా మీద నడిచింది. పాత స్నేహితులం.

వాళ్ళు దిబ్బ ఎక్కేసరికి నీళ్ళు హోసియా నడుం దాకా వచ్చాయట. పేటలో ఒక్క ప్రాణం పోలేదు. దిబ్బ మీద కెజయా అన్న మొదటి మాట: "గొడ్డలి అక్కడే వదిలేశాం. కొత్తది."

నీళ్ళు తీయడానికి వేసవంతా పట్టింది. తీశాక చూస్తే పేట లేదు. పేటవాళ్ళు చాలామంది ఎగువకి, షికాగోకి, సామాన్లు సర్దుకున్నారు. సర్దుకోవడానికి సామాన్లు లేనివాళ్ళు ముందే వెళ్ళారు. బయల్దేరేముందు కెజయా నన్ను వెతుక్కుంటూ వచ్చింది. సగం బురదలో, పక్కకి ఒరిగి ఉన్నాను. అన్నేళ్ళలో మొదటిసారి చెయ్యి చాపి నన్ను తాకింది. పగులు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది.

"మామ్మా, రైలు వెళ్ళిపోద్ది," అంది వెల్మా.

"నేను రైల్లో రాను. చిన్న స్టీమరు ఒకటి ఎగువకి పోతోందంట. ఆ మిస్సోరీ రేవు దగ్గర దిగి, తర్వాత వస్తా."

"అక్కడ ఎవరుంటారు మామ్మా ఇప్పుడు?"

"ఎవరూ ఉండరు. తెలుసు. అయినా ఆ ఒడ్డు మీద ఒకసారి దిగాలి. అక్కడ నన్ను ఎక్కించారే గానీ, నేను దిగనే లేదు కదే."

ఆమె ఆ రేవు చేరిందో లేదో నాకు తెలియదు. దూరం వెళ్ళినవాళ్ళ కబుర్లు గంటలకి రావు. ఒడ్డునుంచి చిన్న స్టీమరు కూత మాత్రం విన్నాను. దానికి గంట లేదు. మూడు కొట్టకుండానే వెళ్ళిపోయింది.

తర్వాతి కథ త్వరగా అయిపోతుంది. నన్ను ఒక పాత ఇనుము వ్యాపారి ఎత్తుకెళ్ళాడు. పగిలినదాన్ని కొనేవాళ్ళు లేక అతని దొడ్లో ఒరిగి ఉన్నాను. తుప్పు పట్టిన నాగళ్ళు, బాయిలర్ ముక్కలు, ఒక తెల్ల గుర్రపు కొయ్యబొమ్మ నా పొరుగు. పాదిరీ ఒక్కడే తక్కువ. చివరికి నది మ్యూజియం వాళ్ళు వచ్చి తీసుకున్నారు. తోమారు. గంటకి నాలుక లేకపోతే బాగుండదని ఏదో ఓడది తెచ్చి తగిలించారు. పగిలిన గంట మోగితే ఇంకా పగులుతుందని దానికి తాళం వేశారు. నాకు ఎదురుగా నదిని చిన్నదిగా చేసి గాజుపెట్టెలో పెట్టారు. నీలం రంగు వేశారు. కదలదు. దాని మీద బొమ్మ స్టీమరు ఒకటి, ఎప్పటికీ మలుపు తిరగదు.

ఇక్కడ గైడ్ ఒకావిడ ఉంది, మంచిదే. "ఇది చర్చి గంట, వరదలో పగిలింది," అని చెబుతుంది. ఒక పిల్ల ఈ మధ్య అడిగింది, "నీళ్ళు గంటని పగలగొడతాయా?" అని. గైడ్ నవ్వి, అందర్నీ పక్క గదిలోకి తీసుకెళ్ళింది. పిల్ల మాత్రం వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్ళింది.

నా నాలుక కదులుతూనే ఉంటుంది, నాకు తెలుసు. ఆ నది అడుగున ఏదీ ఒకచోట ఉండదు. ప్రతి వరదకీ ఇంకాస్త జరుగుతుంది, ఇసుకలో పూడుతుంది, మళ్ళీ తేలుతుంది, రాళ్ళకి తగులుతుంది. ఏటా వసంతంలో నది పెరిగినప్పుడు ఈ హాలు నేల సన్నగా అదురుతుంది. నా పగులు జివ్వుమంటుంది. వీధిలో లారీ పోయిందనుకుంటుంది గైడ్. నేను చెవి ఒగ్గి లెక్కపెడతాను.

ఒకటి.

రెండు.

మూడోది ఇంకా పడలేదు.